కొండనాలుకకు అటూ ఇటూ

కుతయిసిలో ముసురు పట్టిన ఉదయం.
రియోని నది బురదరంగులో పోతోంది.
రెండో అంతస్తులో నా గది,
నుదుట దీపం, చేతిలో చెక్కపుల్ల.

"నోరు తెరువు సాబా. ఆ... అను."
ఆరేళ్ళవాడు. ముందుపళ్ళు రెండూ లేవు.
నడుమ కొండనాలుక వణుకుతోంది.
దానికి అటొకటి ఇటొకటి
ఇరుకు బల్ల మీద లావుపాటి కాపలావాళ్ళిద్దరిలా
భుజాలు రాసుకుంటూ టాన్సిల్స్.

తల్లి మ్జియా ప్రశ్నలన్నీ
రొట్టెల కొట్టు బిల్లు వెనక రాసుకొచ్చింది.

అసలు ఇవెందుకమ్మా మనకి?

వాడు నోట్లో పెట్టే ప్రతిదీ,
మట్టి, పెన్సిలు మొన, పక్కవాడు కొరికిన యాపిల్ పండు,
ముందు వీళ్ళ గుమ్మం తొక్కాలి.
ఒళ్ళంతా గుంటలు చూశావా,
వచ్చినవాణ్ణి ఆ గుంటల్లో నిలబెట్టి
ముఖం గుర్తుపెట్టుకుని
నెత్తుటికి కబురు పెడతారు.
చిన్నతనంలోనే ఈ కొలువంతా.
మీసాలొచ్చే వేళకి వాళ్ళంతట వాళ్ళే ముడుచుకుంటారు.

తీసేస్తే మరి, కాపలా?

నాలుక మొదట్లో, ముక్కు వెనక
వీళ్ళ చుట్టాలు ఇంకా ఉన్నారు.
ఇద్దరు మానేస్తే తోట బీడుపడదు.
అలాగని ఊరికే మాన్పించనూ కూడదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు.
నా ఏడో ఏట, ఇదే ఊళ్ళో,
దుప్పట్లో చుట్టి ఒక నర్సమ్మ ఒళ్ళో బిగించి కూర్చోబెట్టారు.
జ్వరం మా అక్కకి.
తీసింది మా ముగ్గురు అక్కచెల్లెళ్ళవీ.
ఏడవకుంటే ఐస్‌క్రీమ్ అన్నారు,
ఇచ్చారు కూడా.
ఇనుము రుచి వేసింది.

తాత వర్లాం అంతసేపూ టోపీ నలుపుతున్నాడు.
పెళ్ళి విందుల్లో అడుగుస్వరం ఆయనది.
"నా తర్వాత పాడాల్సినవాడు వీడు.
కొండనాలుకకు మందేస్తే
ఉన్న నాలుక ఊడిందని కాదు కదా?"
స్వరం పుట్టేది ఇంకా కిందన, వర్లాం.
ఇక్కడ ఒక గోడ వెనక్కి జరుగుతుంది,
కొన్నాళ్ళు వాడి గొంతు వాడికే కొత్తగా ఉండొచ్చు.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని
చెవిలో చెప్పినట్టు అడిగాడు:
దగ్గితే నా గొంతులోంచి తెల్లటి రాళ్ళు రాలతాయి,
పాడు కంపు.
పోయే రోగమా?
కాదు. గుంటల్లో గట్టిపడ్డ మురికి.
ఉప్పునీళ్ళు పుక్కిలించు,
పిన్నీసుతో మాత్రం పొడుచుకోకు.
"అయితే ఇన్నేళ్ళూ
రాళ్ళు నోట్లో పెట్టుకునే పాడానన్నమాట!"
కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు.

ఈ ఏడు ఎన్నిసార్లు గొంతు నొప్పి, జ్వరం?
తల్లి నాలుగంది. తాత రెండన్నాడు.
నాలుగే అనుకున్నా, దానికోసం కత్తి తీయను.
ఏడు దాటితే అప్పుడు మాట్లాడుకుందాం.

బిల్లు మడత పెట్టేసింది మ్జియా.
అడగాల్సింది నేనని అప్పుడు గుర్తొచ్చింది.
రాత్రి ఎలా పడుకుంటాడు?

ఆమె గొంతులో వెలక్కాయ పడింది.
"మా వంశమంతా గురకే" అన్నాడు తాత.
ఆమె ఆయన వైపు చూడలేదు.
"గురక పెడుతూ పెడుతూ ఆగిపోతాడు డాక్టర్.
నేను చీకట్లో లెక్కపెడతాను.
తొమ్మిది, పది, పదకొండు...
ఒకసారి పధ్నాలుగు.
అప్పుడు నీళ్ళలోంచి తేలినట్టు ఊపిరి లాగుతాడు.
నాలుగు నెలలు.
ఇది ప్రశ్న అనుకోలేదు, అందుకే రాయలేదు."

తీసేద్దాం, అన్నాను.

గది నిశ్శబ్దమైంది. సాబాకి తప్ప.
"పళ్ళు ఎలక్కోసం ఇంటికప్పు మీదికి విసిరాను.
మరి వీటిని ఎవరికి విసరాలి?"
ముప్పై ఏళ్ళ కొలువులో
జవాబు తెలియని ప్రశ్న.

నెల తిరిగాక మ్జియా ఫోన్ చేసింది.
మెతుకు మింగుతున్నాడట, అరుస్తున్నాడట.
తాత ఉప్పునీళ్ళు మానేశాడట.
రాత్రి అలవాటుకొద్దీ
లెక్క మొదలుపెట్టిందట:
ఒకటి.
మళ్ళీ ఒకటి.
మళ్ళీ ఒకటి.