కోణమానిని

మంచు మీద జారి మణికట్టు విరిగిందని ఫారంలో ఉంది.
వయసు డెబ్భై ఒకటి.
వృత్తి అన్న చోట ముందేదో రాసి, కొట్టేసి,
"టీచరు" అని దిద్దారు.

లోవెల్‌లో మా క్లినిక్ పాత నూలుమిల్లు మూడో అంతస్తులో.
కిటికీ కింద కాలువ సగం గడ్డకట్టి ఉంది.
విరిగి అతికిన చేతులతో నా పని:
వేలు ఎంతవరకు వంగుతుందో
ప్లాస్టిక్ కోణమానినితో కొలిచి గళ్ళు నింపుతాను.

పోల్చుకోడానికి, ముందు బాగున్న చెయ్యి చూపించమన్నాను.
సారెత్ గారు ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి
వేళ్ళను వెనక్కి పంపారు
ఇంటికొచ్చిన మనిషిని వీధి చివరిదాకా సాగనంపినట్టు,
తొందర లేకుండా.
నలభై ఐదు దాటాయి. అరవై దాటాయి.
తొంభై దగ్గర నమ్మలేక రెండోసారి కొలిచాను.
మళ్ళీ తొంభయ్యే.

మీకేం కావాలి అని అడగాలి, అది నియమం.
తాళం తిప్పుకోవాలంటారు, జాకెట్ గుండీ అంటారు, అన్నం గిన్నె అంటారు.
ఈమె "పువ్వు" అన్నారు.

వెంట వచ్చిన డాలిన్ విడమరిచింది:
చూపుడువేలొకటే లేస్తే చిగురు,
నాలుగూ నిలబడితే ఆకు,
అది విచ్చుకుంటే పువ్వు, ఆ తర్వాత కాయ.
"కుడి చేతికి ఇప్పుడు ఆకు కూడా రావడం లేదు.
ఏప్రిల్‌లో ప్రదర్శన. పిల్లలు పదకొండు మంది."

లక్ష్యం: పువ్వు, అని రాశాను.
ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పి పంపారు.
కప్పు పట్టుకోవడం అని మారిస్తే ఒప్పుకున్నారు.

గురువారం రమ్మంటే కుదరదన్నారు.
ఆ రోజు గురువులకి దీపం పెట్టాలట,
ఉన్నవాళ్ళకీ, ఏ గట్టున పోయారో తెలియనివాళ్ళకీ.
వాళ్ళ భాషలో ఆ వారం పేరు చెప్పారు. ప్రహొహ్.
బృహస్పతి నడిచి నడిచి అరిగి
అంత మిగిలాడు కాబోలు.
మాకూ అది గురువారమే అన్నాను.
"మరి నువ్వెవరికి పెడతావు?"
నేను మైనం తొట్టి వేడి సరిచూసుకున్నాను.

ఒక మంగళవారం, చెయ్యి మైనంలో ఉండగా,
అడగకుండానే చెప్పారు:
"నాలుగేళ్ళు వీటిని దాచాను.
ఇలా వెనక్కి పోతాయని ఎవరైనా చూస్తే చాలు, అంతే సంగతి.
వరిమళ్ళలో పిడికిలి బిగించి నడిచేదాన్ని.
నిద్రలో వాటంతటవే విచ్చుకుంటాయేమోనని
పొట్ట కింద పెట్టుకుని పడుకునేదాన్ని."
మైనం గట్టిపడింది. తొడుగులా ఊడదీశాను.
లోపల ఆమె చేతి గీతలన్నీ తిరగబడి ఉన్నాయి.

మార్చి చివర క్లాసు చూడ్డానికి పిలిచారు.
టైర్ల షాపు మీద గది. మేజోళ్ళతో పదకొండు మంది.
వాళ్ళకి వీపు పెట్టి, రెండు చేతులూ ఎత్తి,
ఆమె ముందు నిలబడ్డారు.
వెనక పదకొండు కుడి చేతులు లేచి
ఒక్క చోటే ఆగాయి.
చిటికెనవేలి వైపు కాస్త ఒరిగి, ముప్ఫై ఎనిమిది.
ఆ అంకె నాకు తెలుసు. పోయిన వారం రాసింది నేనే.

తప్పని వాళ్ళకి ఎలా తెలుస్తుంది?
పాఠం ఎలా ఉంటే అలా దించుకున్నారు,
విరుగుడుతో సహా.

సారెత్ గారు వెనక్కి తిరిగి చూశారు. చాలాసేపు చూశారు.
తిరిగి వెళ్ళలేదు, అలాగే వాళ్ళకి ఎదురుగా నిలబడి
ఎడమ చెయ్యొకటే ఎత్తారు.
అద్దంలోలా అటు నుంచి కుడి చేతులు లేచాయి,
ముప్ఫై ఎనిమిది దాటి, వణుకుతూ.

ఏడేళ్ళ పిసే వేళ్ళు మాత్రం పాత చోటే ఉండిపోయాయి.
ఆమె వెళ్ళి పట్టి నొక్కబోయారు. పట్టు చాల్లేదు.
నా వైపు తల తిప్పారు.
"నువ్వు పట్టు."

కోణమానిని కోటు జేబులోనే ఉంది. తియ్యలేదు.
పాప వేళ్ళు మెత్తగా, చెమటగా ఉన్నాయి.
కింద ఎవరో టైరులో గాలి నింపుతున్నారు.
చాలా, అన్నట్టు చూశాను.
"ఆకు," అన్నారామె.
"ఇంకా ఆకే."