ఒంటి దుద్దు

గీలాంగ్‌లో ఆ పాత ఉన్ని గిడ్డంగికి
ఎండ తప్పించుకోడానికే వెళ్లాను.
టికెట్టు పన్నెండు డాలర్లు. సంచి బయటే పెట్టమన్నారు.

లోపల గది నిండా పసుప్పచ్చ బెలూన్లు,
నా మెడదాకా.
"తోసుకుంటూ పోవడమే" అంది గుమ్మం దగ్గర స్తావ్రూలా,
సినిమా హాల్లో సీటు చూపిస్తున్నట్టు.

రెండడుగులు వేశానో లేదో
జుట్టంతా లేచి నిలబడింది.
ఎదురుగా ఎవరిదో చెయ్యి, చెయ్యి మాత్రమే,
"సారీ" అని మళ్లీ పసుపులో మునిగింది.
ఎక్కడో ఓ పెద్దాయన తుమ్ముల మీద తుమ్ములు.
ఓ పిల్ల "నేనిక్కడ లేనూ!" అని అరుస్తోంది.
నేనూ అరిచాను.
ఏమని అరిచానో చెప్పను. తెలుగులోనే.

బయటపడి తడుముకుంటే ఎడమ చెవి బోసి.
స్తావ్రూలా బల్ల కింద నుంచి బకెట్టు లాగింది:
మూడు కళ్లజోళ్లు, ఒక వినికిడి మిషను,
ఎవరివో కట్టుడు పళ్లు
(ఆయన నవ్వుతూనే వెళ్లిపోయాడట).
నా దుద్దు లేదు.
"నెలాఖరుకి గాలి తీసేస్తాం, అప్పుడు రండి."

రైల్లో పక్క సీటాయన
అదే పనిగా నా తలకేసి చూస్తుంటే
కిటికీ అద్దంలో చూసుకున్నాను.
జుట్టింకా దిగలేదు.

దువ్వెన సంచిలోనే ఉంది.
లారా దాటాక చూద్దాంలే అనుకున్నాను.
లారా దాటింది.
టార్నీట్ కూడా.