నూనె డబ్బా

ఫహాహీల్ ఒడ్డున ఆరు ఊయలలుండేవి.
వాటి గొలుసులకు నూనె పెట్టడం నా ఉద్యోగం.
రాయచోటిలో చెబితే నవ్వారు,
దానిక్కూడా జీతమిస్తారా ఓబులేసూ అని.

ఉప్పుగాలి ఇనుము తినే వేగం వాళ్లకేం తెలుసు.
శనివారం పెట్టిన నూనె
గురువారానికల్లా ఎర్రటి పొడి.
మూడో ఊయల మాత్రం ఎంత పోసినా కిర్రుమనేది.
దలాల్ అనే పిల్ల అదే కావాలని ఏడ్చేది.
ఆ పిల్లను తీసుకొచ్చే నందలూరు చెంగమ్మ
మడమల దాకా నీళ్లలో నిలబడి
మన మాట ఎక్కడైనా వినబడుతుందేమోనని చూసేది.
మేం మాట్లాడుకున్నది ఎక్కువగా టమోటా ధర గురించే.
అప్పుడు ఒడ్డంటే ఇసుక, ఒక కుళాయి,
ఉడకేసిన శనగల బండి,
చీకటి పడితే దూరంగా రిఫైనరీ మంట.

తర్వాత ఆ ఆగస్టు.
నేనూ ఖాజాపీరూ ఒకే నీళ్లసీసాతో
ఎడారి గుడారాలు దాటి ఊరు చేరాం.
చెంగమ్మ ఏ బస్సెక్కిందో తెలీదు.
నూనె డబ్బా మంచం కింద ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి ఒడ్డు చుట్టూ ముళ్లకంచె.
శనక్కాయ విత్తనం వేసినట్టు
సాళ్లు తప్పకుండా మందుపాతరలు పెట్టిపోయారు.
అన్నీ ఏరేశాం అని బోర్డు పెట్టాక కూడా
తల్లులు నమ్మలేదు.
పిల్లల్ని సిమెంటు బాట మీంచి ఎత్తి
నేరుగా ఊయల్లో కూర్చోబెట్టేవాళ్లు,
మళ్లీ ఎత్తి నేరుగా బాట మీదికి.
ఆ ఏడాది ఊగిన పిల్లలంతా
మోకాళ్లు ముడుచుకునే ఊగారు.

ఇప్పుడు సముద్రాన్ని కొంచెం వెనక్కి నెట్టారు.
కాఫీ వాసన ముందు చేపల వాసన ఓడిపోయింది.
ఊయల కింద నీలంరంగు రబ్బరు నేల,
గొలుసుకు బదులు ఏదో తాడు, నూనె అడగదు.
నన్ను పూలకుండీలకు మార్చారు.
వచ్చే నెల ఇంటికి పంపేస్తున్నారు.

మొన్న శుక్రవారం ఒకావిడ కూతుర్ని ఊపుతోంది.
దలాలేనా అని అడగబోయి ఆగాను.
కాదంటే సరే, అవునంటే ఏం మాట్లాడాలి?
పాప దిగి, రబ్బరు మీద పరుగెత్తి,
అంచు దగ్గర ఆగింది.
ఇసుక కాలికి అంటుకుంటుందా అని
అరబ్బీలో అడిగింది.
తల్లి ఎత్తుకుంది.

వాళ్లు వెళ్లాక చెప్పులు విడిచాను.
ముప్పై ఏళ్లు దాటింది ఆ బోర్డు పెట్టి.
అయినా ముందు బొటనవేలే,
మెల్లగా.