ఐసు లెక్క

హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ పద్దులు నావి.
ఏ బోటుకి ఎన్ని దిమ్మలు, ఎవరిది బాకీ,
ఎండాకాలం దిమ్మకి ఎంత తరుగు,
పదకొండేళ్ళుగా నీలం సిరాతో రాస్తున్నాను.

ఏప్రిల్ పదిహేను దాటింది.
బోట్లన్నీ జెట్టీ దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి.
చేపలు గుడ్లు పెట్టే కాలమని
సముద్రానికి సర్కారు ఇచ్చిన గడువు అరవై ఒక్క రోజులు.
నాకు ఆరిలోవ డాక్టరు ఇచ్చింది పద్నాలుగు.
"ఆ తర్వాత కీమో ఆపలేను," అంది.
"నీ గుడ్లు దాచుకుంటావా, ఆలోచించుకో."
ఆలోచించుకోడానికి ఒక రాత్రి.

ఫారం మీద భర్త పేరుకి ఒక గడి.
వేట లేని రోజు పద్దులో గీసినట్టే
అడ్డంగా గీత గీసేశాను.

జాలారిపేటలో ఎండుచేపలమ్మే మా అమ్మ
నష్టానికి చీటీ పాడుకొచ్చింది.
"వలకి పెట్టుబడి పెట్టినట్టే గదా,
పడుద్దో పడదో వలకేటి తెలుసు," అంది.

రోజూ రాత్రి తొమ్మిదికి పొట్ట మీద సూది.
మందు పెట్టె పక్కింటి ఎర్రమ్మ ఫ్రిజ్‌లో,
పెరుగు గిన్నె వెనకాల.
ఎందుకవి అంటే షుగరుకి అన్నాను.
లేని జబ్బు పేరు చెప్పడం ఎంత సులువు!

పన్నెండో రోజు మత్తిచ్చారు.
లేచి చూసేసరికి నా అరచేతిలో
నర్సు పెన్నుతో రాసిన అంకె: తొమ్మిది.
సాయంత్రానికి, నిలవ పెట్టదగ్గవి ఏడన్నారు.
తరుగు రెండు, అనుకున్నాను అలవాటు కొద్దీ.

అమ్మ అనుమానం అమ్మది.
"కరెంటు పోతే ఏటవుద్దమ్మా?
ఐసు కరిగితే చేప గతేటో నాకెరుక."
నర్సు నవ్వింది. కరెంటుతో పని లేదట,
నైట్రోజనట, సున్నాకి నూటతొంభై ఆరు కింద.
మా ఫ్యాక్టరీలో పదే, అన్నాను చిన్నబోయి.

హామీ ఏమీ లేదనీ చెప్పింది,
మెల్లగా, రెండుసార్లు.
పిల్లలు కావాలో వద్దో నాకింకా తెలీదు.
ఆ తెలీకపోవడం నాది.
దాన్ని మందు పట్టుకుపోకూడదు, అంతే.

రేపు మొదటి కీమో.
బోట్లు మళ్ళీ వేటకెళ్ళే రోజుకి నా జడ ఉండదు.
ఇవాళ సెలవు చీటీ ఇద్దామని వెళితే
మిషన్లు ఆగి ఫ్యాక్టరీ అంతా నిశ్శబ్దం,
మూల ఊక కింద ఒక్క దిమ్మ,
చెయ్యి పెడితే ఇంకా కరుస్తోంది.

పద్దు పుస్తకం తెరిచి
ఏ బోటు పేరూ లేని వరసలో
ఏడు అని రాశాను.
తరుగు గడి మాత్రం
ఖాళీగా వదిలేశాను.