కె అనే మీట

కంభం అవతల ఒక హైస్కూలు స్టోర్‌రూములో
విరిగిన బెంచీల కింద దొరికింది.
పాత ఇనుముతో కలిపి కాటా వేశారు,
కిలో ఇరవై రెండు.
నెత్తిన చుక్కల గుడ్లగూబ బొమ్మ చూసి
అప్పటి హెడ్మాస్టరు
"బడిలో ఈ పిట్టేందయ్యా" అని
ఆరోజే తాళం వేయించాడంట.
అటెండరు నాసరయ్య చెబుతూ నవ్వాడు.
నవ్వాడే గానీ, ఆటోలోకి ఎక్కించేదాకా
దూరంగానే నిలబడ్డాడు.

తర్లుపాడు రోడ్డులో నా కొట్టు.
ఇటు టీ అంగడి, అటు పలకల మిల్లు.
రంపం తిరిగినంతసేపూ నా బల్లమీద
స్క్రూలు వణుకుతుంటాయి.
రాతిదుమ్ము, ఊదితే పోతుంది,
చెప్పులు మర్చిపోయిన చుట్టంలా మళ్ళీ వస్తుంది.
మార్కాపురంలో కంప్యూటర్ల రిపేరా అంటారు.
అవును. అదీ కొత్తవి కాదు,
మా అమ్మ పెళ్ళికి ముందువి.

మొదటిరోజు కరెంటు చూపించలేదు.
ఇన్నేళ్ళు పస్తున్నదానికి ఒక్కసారే
రెండొందల ముప్పై వోల్టులు పెడితే అరగదు.
ఉబ్బిన కెపాసిటర్లు తీసి కొత్తవి అతికాను.
ఒకటి మాత్రం, బాగానే ఉందిలే అని వదిలేశాను.
అదే పేలింది.
టప్పుమని ఒక చప్పుడు, కొట్టు నిండా పొగ.
టీ తాగేవాళ్ళు గ్లాసులతో సహా రోడ్డు దాటారు.

మీటలన్నీ ఊడబీకి, సర్ఫునీళ్ళలో కడిగి
మేడమీద పాతచీర పరిచి ఆరబోశాను.
నల్లవి, మధ్యమధ్య పది ఎర్రవి.
పచ్చబడిన మూతకు
బ్యూటీపార్లరు వాళ్ళ జుట్టు తెల్లబరిచే క్రీము పట్టించి
కవరు చుట్టి ఎండలో పెట్టాను.
మా ఊళ్ళో బేరం లేకుండా దొరికేది ఎండొక్కటే.

పిట్టగోడ అవతల గాలెమ్మత్త:
"రేగొడియాలా, సువార్తా?"
"ఇంగ్లీషు అక్షరాలత్తా."
"అయితే కాకులు ముట్టవులే."

ముట్టింది.
సాయంత్రం లెక్కపెడితే ఒకటి తక్కువ.
అన్ని అక్షరాలుండగా
కె మీటనే ఎందుకు తీసుకుపోయిందో
కాకికే తెలియాలి.

రాత్రి, యంత్రంతోపాటు వచ్చిన క్యాసెట్టు
టేపురికార్డరులో పెట్టాను.
కీచుమని, గరగరమని, మళ్ళీ కీచుమని
మూడు నిమిషాలు అరిచి
తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడింది:
నీ పేరు చెప్పు.
చెప్పాను.
సువార్తా, ఏడెనిమిదులు ఎంత?
యాభై నాలుగు కొట్టాను. కావాలని కాదు.
బెంచీ ఎక్కు, అంది.
మీట పోయిన యంత్రం
"ఎక్కు"లో రెండు కె లూ వేసి మరీ.
ఎవరు రాశారో పేరు లేదు.
చివరి వరసలో: ఎనిమిది, బి సెక్షన్.
ఆ పిల్లోడో పిల్లో, తాళం పడేముందు రోజు
ఇంకెన్ని ఎక్కాలు మిగుల్చుకున్నారో.

పొద్దున మిల్లుకెళ్ళి కాశింబీని అడిగాను.
చెక్కుపలకల్లోంచి గోరంత ముక్క కోసి
నాలుగంచులూ అరగదీసి
నా అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది.
మిగతా మీటల పక్కన పెడితే అదే నలుపు.
పైన బలపంతో కె రాశాను.

పూనా నుంచి కేళ్కర్ గారు వీడియోలో చూశారు.
అన్నీ ఒరిజినలేనా?
ఒకటి మా ఊరిది, అన్నాను.
పదిహేను వందలు తగ్గించారు.
తగ్గించుకోనీ.
క్యాసెట్టు కాపీ తీసి పంపాను.
అసలుది నా సొరుగులో ఉంది,
ఏడో ఎక్కం ఇంకా నాకు పూర్తిగా రాదు.

కొరియరు కుర్రాడు పెట్టెను చెవిదగ్గర ఊపి
"లోపల ఏందో కదుల్తాందక్కా, మళ్ళీ కడతావా?" అన్నాడు.
అక్కర్లేదు.
బలపం ముక్క అది.
చెమటచేతికి అక్షరం చెరిగిపోతే
ఆయన రాసుకోవాలి గదా.