మూరెడు ఎత్తు గాలి

చెంగల్రాయులు డాక్టరు నన్ను కూర్చోమన్నాడు.
కుర్చీలో కాదు.
పందుల నడుమ, గొంతుక్కూర్చోమన్నాడు.
"ముక్కు మూరెడు ఎత్తుకు దించు మొగిలెమ్మా,
నేను చెప్పేదాకా లేయొద్దు."

పదేండ్లుగా ఈ షెడ్డులో నేను నిలబడే ఉండా.
తవుడు పోసింది నిలబడే,
రేణిగుంట హోటళ్ళ ఎంగిలి డ్రమ్ములు దించింది నిలబడే.
పేడ ఎత్తేటప్పుడు నడుం వంగుతాది,
ఊపిరి బిగబట్టి వంగుతా, పైకొచ్చి వదులుతా.
ఐదడుగుల మీద గాలి ఎప్పుడూ నాకు కాస్త ఘాటు, అంతే.

కింద ఇంకో గాలి ఉండాది.
ఉచ్చ పులిసి పులిసి
మిరప్పొడి మూటలో తల దూర్చినట్టు.
కండ్లు వాటంతట అవే మూసుకున్నాయి.
మూడోసారి నేను దగ్గినప్పుడు
చెవి తెగిన సీమపంది పక్కనించి దగ్గింది,
పలకరిస్తే పలికినట్టు.

"ఇంక లెయ్" అన్నాడు.
నేను లేసినా. అవి లేయలేదు.

"ఎన్నుండాయి?"
నలభై.
"ఎన్నిటికి కట్టించినావు?"
ఆ మాటకు బ్యాంకు కాగితం చెప్పాల జవాబు,
ఇరవై నాలుగని.
ధర పెరగనీ, పెరగనీ అని ఆపినా.
ధర పెరగలేదు. పందులు పెరిగినాయి.
పోయిన నెల సంతలో మూడు పిల్లలు చవగ్గా దొరికినాయి,
ముక్కులు కారతా ఉండాయని చూసి కూడా
అదే పొద్దు కలిపేసినా.
వేరే ఉంచేదానికి ఇంకో గోడ యాడుండాది నాకు?

కొండ మీదినించి కరకంబాడికి చలి దిగినాక
నాలుగు పక్కలా పట్టలు కట్టినాం, నేనూ కన్నయ్యా.
బిడ్డలకు దుప్పటి కప్పినట్టే అనుకున్నా.
మంచు బయట ఆగింది.
వాటి ఊపిరి లోపల ఆగింది.

మా అవ్వ పందులకు షెడ్డు లేదు.
వీధి వీధీ తిట్టేది వాటిని, రాళ్ళేసేది.
పురుగులు పట్టేవి, లారీల కింద పడేవి,
ఆ కాలం బంగారమని నేను చెప్పను.
కానీ తరిమినోళ్ళెవురూ
వాటికి గాలి మూయలేదు.

"ఈ రోగం పేరేంది సారూ?"
"ఒక పేరైతే చెప్పనా?
ఒకటొచ్చి తలుపు తీస్తాది,
మిగిలినవి చెప్పులిప్పకుండా లోపలికొస్తాయి.
సూది వేస్తా. సూది పందిలోకి పోతాది,
షెడ్డులోకి పోదు."
పోతా పోతా రెండు మాటలన్నాడు:
తవుడు తడిపి పొయ్,
పొద్దుగూకినాక వాటిని లేపి, నోరు మూసుకుని
రెండు నిమిషాలు దగ్గులు లెక్కపెట్టు.

పట్టలు ఇప్పితే చలికి చస్తాయని కన్నయ్య అలిగినాడు.
పొడుగ్గా మాట్లాడలేదు నేను.
కొడవలితో పైభాగం కోసేసినా,
కింద మూరెడున్నర మాత్రం వదిలిపెట్టినా.
ఎండుగడ్డి పరిచినా.
పదిహేను పందుల్ని వచ్చిన ధరకే అమ్మినా,
ఆ రేత్రి కూడు దిగలేదు.
చెవి తెగింది అప్పటికే
కుక్క మాదిరి కూర్చుని, డొక్కలెగరేసి, ఎగరేసి,
తెల్లారకముందే ఆగిపోయింది.
దాన్ని గుంతలో పెట్టి సున్నం చల్లినాం.

గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తా ఉండా.
మొదటి రేత్రి ముప్పై ఒకటి.
ఆ వారం ఇరవై రెండు, మళ్ళీ ఇరవై ఆరు,
వాన పడిన పొద్దు లెక్క తప్పింది.

ఇయ్యాళ మళ్ళీ గొంతుక్కూర్చున్నా.
కోసిన పట్టలోనించి చుక్కలు కనపడతా ఉండాయి,
గడ్డి మీద ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోనుండాయవి.
చప్పట్లు కొట్టి లేపినా. విసుక్కున్నాయి.
తొమ్మిది.
పదోది నా గొంతులోనించి వచ్చింది.

బొగ్గు పట్టుకుని
దాన్ని గీయాల్నా వద్దా అని
చానాసేపు అట్లే ఉండిపోయినా.