సోమవారం ఖరీదు

పోస్టాఫీసు కౌంటర్లో సుభానీ అడిగాడు:
"ఇంత కూడబెట్టావు, దేనికి తిరుపాలమ్మా?
స్థలానికా, సరుడుకా?"
సోమవారానికి, అన్నాను.
పెన్ను ఆపి చూశాడు.
వెనక లైన్లో ఎవరో దగ్గారు.

చెప్తా.
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
చట్రాలు బిగిస్తా, రోజుకు మూడొందల యాభై.
నెలకు నాలుగు సోమవారాలంటే పద్నాలుగొందలు.
రెండు లక్షల ముప్పై వేలు ఇక్కడ పడేస్తే
నెలనెలా అంత వడ్డీ వస్తదని
ఈ సుభానీయే ఒకప్పుడు చెప్పాడు, ఇంకెవరికో.
నేను పక్కన నిలబడి విన్నా.

"ఆదివారం ఉండాదిగా!" అంటది నాసరమ్మ.
ఆదివారం నాది కాదు.
అది బట్టలది, రేషనుది,
నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసది.

అంచు విరిగిన పలకలు మాకు ఊరికే ఇస్తారు.
అలాంటిదొకటి తలుపు వెనక మేకుకు కట్టి
ఎనిమిదేళ్ళు రాశా.
కూడింది కాదు, వదిలింది రాశా.
ఆటోకి రానూ పోనూ ఇరవై. నడిచా.
పదకొండు గంటల టీ.
నాసరమ్మ గ్లాసు అడుగున రెండు గుక్కలు మిగిల్చేది, చాలు.
సబ్బు అరిగితే కొత్త సబ్బు వీపున అతికించా.
టమాటా మండిన రోజు చింతపండు,
చింతపండూ కొండెక్కిన రోజు ఉప్పేసిన మజ్జిగ.
కిరాణా మాలకొండయ్య నన్ను చూస్తే చాలు
కాటా ముందే తుడిచి పెట్టుకునేవాడు,
గింజ తగ్గితే వదలనని.

పిసినారిది అన్నారు.
అనుకోనీ, పేర్లు పెట్టడానికి వాళ్ళకీ ఖర్చేం లేదుగా.

ఒక డెంగీ పద్దెనిమిది వేలు మింగింది.
కరోనా ఏడు బళ్ళు మూస్తే
పలకలెవరు కొంటారు?
ఐదు నెలలు తలుపు వెనక గీత పడలా.
మొత్తం చెరిపేద్దామని
ఒక రాత్రి తడిబట్ట తీసుకున్నా.
ఎందుకో, ఆ బట్టతో గడప తుడిచి పడుకున్నా.

కొడుకు బండి కొనాలని అడిగాడు.
ఇవ్వలేదు.
ఆర్నెల్లు ఫోన్ చేయలేదు వాడు.
అది మాత్రం పలక మీద రాయలేదు.

మొదటి సోమవారం
నాలుగున్నరకే మెలకువ.
చేతులు ఒళ్ళో పెట్టుకుంటే
వేళ్ళు వాటంతటవే చట్రం మూలలు వెతుకుతున్నాయి.
ఎనిమిదికి కాళ్ళు కంభం రోడ్డు పట్టాయి.
గేటు దాకా పోయాక గుర్తొచ్చి వెనక్కి తిరిగా.
వాచ్‌మన్ నవ్వాడు.
దారిలో బెంచీ మీద కూర్చుని
గ్లాసు నిండా టీ తాగా.
అడుగున రెండు గుక్కలు వదిలేశా,
ఎవరికో.

రెండోదానికి కొంచెం చాతనైంది.
పది దాకా పడుకున్నా.
మిట్టమధ్యాహ్నం మా వీధి ఎలా ఉంటదో
పాతికేళ్ళలో అప్పుడే చూశా:
ఎదురింటి గోడ మీద ఎండ
పచ్చగా కాదు, ఉప్పులా తెల్లగా ఉంటది.
ఎవరూ ఉండరు. ఒక కోడి,
దాని నీడలో సర్దుకున్న ఏడు పిల్లలు.
లెక్కపెట్టా, మళ్ళీ లెక్కపెట్టా.
ఊరికే.

మూడో సోమవారం మేస్త్రీ మనిషిని పంపాడు.
చెన్నై లోడు, అర్జెంటు, డబల్ కూలి.
ఈ రోజును కొనుక్కున్నానయ్యా, అమ్మను, అన్నా.
వాడు వీధి మలుపు తిరిగేదాకా అంటానే ఉన్నా.
తర్వాత చెప్పులేసుకున్నా.
అబద్ధమెందుకు.

ఆ ఏడొందలు ఇంటి ఖర్చులో కలపలేదు.
పలక కడిగి ఎండబెట్టి
పైన కొత్త పేరు రాశా:
గురువారం.

ఐదు సోమవారాలొచ్చే నెలకు ఏం చేయాలో
అదొక్కటే ఇంకా తేల్చలా.